క్రియాటినిన్ 1.8 ఉంటే మందుల డోసు మార్చాలా?

బరంపురంలో ఉంటున్న మీ అమ్మగారికి 60 ఏళ్లు, 45 కిలోల బరువు, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూపే రక్తపరీక్ష) 1.8 అన్నారు. చాలా మందులకు మార్చాలి. 1.8 చూడ్డానికి కొంచెమే అనిపిస్తుంది గానీ, సన్నగా కండ తక్కువున్నవాళ్లలో ఆ అంకె మోసం చేస్తుంది.

కిడ్నీలు నిమిషానికి ఎంత వడకడుతున్నాయో ఇలా లెక్కేస్తారు. 140లోంచి వయసు తీసేసి బరువుతో హెచ్చవేయండి: 80 × 45 = 3600. దాన్ని 72 × 1.8, అంటే 129.6తో భాగిస్తే 27.8. ఆడవాళ్లకి 0.85తో మళ్లీ హెచ్చవేయాలి. నిమిషానికి 24 మి.లీ. వస్తుంది. చాలా మందుల డోసు దీన్నిబట్టే.

తిమ్మిర్లకి వాడే గాబాపెంటిన్ 300 మూడు పూటలా వేస్తే మందు ఒంట్లో పేరుకుని మత్తు, తూలుడు వస్తాయి. ఈ స్థాయిలో రోజుకి ఒకే పూట 200–700 మి.గ్రా. లీవోఫ్లాక్సాసిన్ 500 అనే యాంటీబయాటిక్ కోర్సులో మొదటి డోసు తగ్గించరు, తర్వాతివే రోజుకి 250 చేస్తారు. షుగరుకి వాడే మెట్‌ఫార్మిన్‌కి మాత్రం రిపోర్టులోని ఇజిఎఫ్ఆర్ (ల్యాబువాళ్లు వేసే కిడ్నీల వడపోత అంచనా) చూస్తారు: 45 లోపైతే రోజుకి 1000 మి.గ్రా. దాటకూడదు, 30 లోపైతే ఆపేయాలి. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు డోసు తగ్గించినా వద్దు.

మార్పులన్నీ డాక్టరుగారితోనే చేయించండి. బరంపురంలోనూ ఇచ్ఛాపురంలోనూ చూపించుకుంటుంటే రెండు చీటీలూ కలిపి చూపించండి. ఒకే మందు రెండు బ్రాండ్ పేర్లతో పడిపోతుంటుంది.