కొబ్బరి నూనె సబ్బుకీ, పశువుల కొవ్వు సబ్బుకీ అంత తేడా ఎందుకు?

తేడా అంతా వాటిలోని కొవ్వు ఆమ్లాలదే. కొబ్బరి నూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లం. అందుకే ఉప్పునీళ్లలో కూడా బాగా నురగొస్తుంది. విశాఖలో బీచ్ దగ్గర బోరు నీళ్లు ఉప్పగా వచ్చే ఇళ్లకి ఇదే మేలు. కాకపోతే ఒట్టి కొబ్బరి నూనెతో చేస్తే చర్మం పొడిబారుతుంది.

పశువుల కొవ్వులో పామిటిక్, స్టియరిక్ ఆమ్లాలు ఎక్కువ. సబ్బు గట్టిగా ఉంటుంది, త్వరగా అరగదు, నురగ తక్కువైనా మీగడలా చిక్కగా వస్తుంది. కొవ్వు వద్దనుకుంటే పామాయిల్ వాడండి. ఒట్టి సన్‌ఫ్లవర్ నూనెతో నేను చేసిన సబ్బు నెల ఆరబెట్టినా వేలితో నొక్కితే సొట్ట పడేది.

ఒక్కటి మాత్రం జాగ్రత్త: 100 గ్రాముల కొబ్బరి నూనెకి, దాన్ని సబ్బుగా మార్చే కాస్టిక్ సోడా సుమారు 18 గ్రాములు పడుతుంది, కొవ్వుకి 14 చాలు. కొబ్బరి నూనె లెక్కతోనే కొవ్వు సబ్బు చేస్తే సోడా మిగిలిపోయి ఒళ్లు మండుతుంది.