పచ్చసొన పారేయకు తమ్మీ

తమ్మీ, జిమ్‌లో ట్రైనర్ చెప్పాడని రోజూ ఆరు గుడ్ల తెల్లసొన తిని పచ్చసొన చెత్తబుట్టలో వేస్తున్నానని, అమ్మ బాధపడుతోందని రాశావు కదా. నేనైతే అమ్మ వైపే. పెద్ద గుడ్డులో 6 గ్రాముల పైన ప్రొటీన్ ఉంటే అందులో 40 శాతం దాకా పచ్చసొనదే, ఇక విటమిన్ ఎ, డి, మెదడుకూ కాలేయానికీ కావాల్సిన కోలిన్ అనే పోషకం దాదాపు అన్నీ అందులోనే ఉంటాయి.

నీ టెన్షన్ కొలెస్ట్రాల్ గురించి. ఒక పచ్చసొనలో సుమారు 185 మిల్లీగ్రాములు ఉంటుంది, నిజమే. కానీ ఒంట్లోని కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం తిండి నుంచి రాదు, కాలేయంతో పాటు ఒళ్లే తయారు చేసుకుంటుంది, చాలామందిలో చెడు కొలెస్ట్రాల్‌ను గుడ్డు కన్నా ఎక్కువగా పెంచేది డాల్డా, వెన్న, మటన్ కొవ్వు లాంటివి. రోజుకు 300 మిల్లీగ్రాములు దాటొద్దన్న పరిమితిని అమెరికా వాళ్లు కూడా 2015–2020 ఆహార మార్గదర్శకాల్లో తీసేశారు, అలాగని ఎన్నైనా తినమని కాదు.

రెండు గుడ్లు పూర్తిగా తిను, ఇంకో మూడింటి తెల్లసొన కలుపుకో, దాదాపు 23 గ్రాముల ప్రొటీన్ వస్తుంది. ఉడకబెట్టుకుంటే మంచిది, హన్మకొండ చౌరస్తాలో బండి మీద నూనె కారే ఆమ్లెట్ తిని గుడ్డును తిట్టొద్దు. పచ్చి తెల్లసొన మాత్రం తాగకు, అందులోని అవిడిన్ అనే ప్రొటీన్ బయోటిన్ అనే విటమిన్‌ను ఒంటికి పట్టనీయదు.

షుగర్ ఉన్నా, ఎల్‌డీఎల్ అనే చెడు కొలెస్ట్రాల్ ఎక్కువున్నా ముందు లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల పరీక్ష) చేయించుకుని, పచ్చసొనలు ఎన్ని తినొచ్చో డాక్టర్‌నే అడుగు, ట్రైనర్‌ను కాదు.