చిన్నీకి, థీసిస్ మొదలుపెట్టే ముందు

చిన్నీ,

మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది, పీహెచ్‌డీకి కన్సర్వేటివ్ రాజకీయ ఆలోచన, అదే పాత ఏర్పాట్లని కాపాడుకోవాలనే ఆలోచన, తీసుకున్నావంట కదా. ఎంత సంతోషమేసిందో చెప్పలేను, నేను ఇన్నేళ్లు క్లాసులో చెప్పిన సబ్జెక్టు మన ఇంట్లో ఇంకొకళ్లు పట్టుకున్నారని. ఆ వెంటనే గుబులు కూడా పట్టుకుంది. ఈ టాపిక్ తీసుకున్నవాళ్లని ఎవరూ ముందు ఏం చదివావని అడగరమ్మా, నువ్వు ఎటువైపు అని అడుగుతారు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పాలన్న తొందరలో పడ్డావంటే ఇక చదువు సాగదు, ప్రతి పుస్తకం వాదనలో గెలవడానికి పనికొస్తుందా లేదా అనే చూస్తావు. చిన్నప్పట్నుంచీ నీకు వాదించడమంటే ఇష్టం, అందుకే నా భయం.

అందరూ చెప్పేవి ఒక్క మాటలో చెప్పేస్తాను. నోట్స్ రాసిన ప్రతిచోటా పేజీ నంబర్ వెయ్యి. కొటేషన్లు నెట్‌లోంచి ఎత్తకు. మంచివాళ్లు ఊరుకుంటే చాలు చెడు గెలుస్తుంది అని పద్దెనిమిదో శతాబ్దపు బ్రిటిష్ పార్లమెంట్ సభ్యుడు ఎడ్మండ్ బర్క్ అన్నాడని ఎక్కడ చూసినా ఉంటుంది, ఆయన రాసినవాటిలో ఎంత వెతికినా ఆ వాక్యం దొరకదు.

బర్క్ అంటే గుర్తొచ్చింది, ఆయన్ని 1790లో ఫ్రెంచ్ విప్లవం మీద రాసిన పుస్తకంతో మొదలుపెట్టకు. ఇంకా వెనక్కి వెళ్లు. 1775లో అమెరికా వలసవాసులతో రాజీ పడండి అని పార్లమెంట్‌లో మాట్లాడింది ఈయనే. ఇండియాలో ఈస్టిండియా కంపెనీ చేసిన అన్యాయాలకి అక్కడ గవర్నర్ జనరల్‌గా ఉన్న వారెన్ హేస్టింగ్స్‌ని నిలదీస్తూ 1788 నుంచి 1795 దాకా సాగిన విచారణని నడిపిందీ ఈయనే, చివరికి హేస్టింగ్స్ నిర్దోషిగా బయటపడ్డాడనుకో, అది వేరే సంగతి. అలాంటి మనిషి ఫ్రాన్స్ విషయంలో ఎదురు తిరిగేసరికి చాలామంది ఈయన పార్టీ మార్చేశాడన్నారు. నాకైతే మూడింటిలోనూ ఒకటే కోపం కనిపిస్తుంది. తరాల తరబడి జనం కట్టుకున్న ఏర్పాట్లని అధికారం చేతికొచ్చినవాడు లెక్కచెయ్యకుండా తొక్కుకుంటూ పోతే, ఆ అధికారం రాజుదైనా కంపెనీదైనా విప్లవకారులదైనా ఆయన ఓర్చుకోలేడు. మార్పే వద్దన్నాడని రాసేవు సుమా, మారే దారి లేని రాజ్యానికి తనని తాను కాపాడుకునే దారి కూడా ఉండదని ఆ 1790 పుస్తకంలోనే ఉంది. సమాజం అంటే బతికున్నవాళ్లకీ, చనిపోయినవాళ్లకీ, ఇంకా పుట్టనివాళ్లకీ మధ్య భాగస్వామ్యం అన్నాడు, అక్కడ కాసేపు ఆగి చదువు.

ఆ పుస్తకం వచ్చేనాటికి ఫ్రాన్స్ రాజు ఇంకా బతికే ఉన్నాడు, తలలు నరికే గిలటిన్ రోజులు ఇంకా రాలేదు. అయినా చివరికి సైన్యాన్ని మెప్పించగలిగిన ఒక సేనాపతి అందరికీ యజమాని అవుతాడని రాసిపెట్టాడు, 1799లో నెపోలియన్ వచ్చాడు, అప్పటికి బర్క్ చనిపోయి రెండేళ్లయింది. ఇది చదివాక నీకు ఒళ్లు పులకరిస్తుంది, నాకు తెలుసు. అందుకే అదే వారంలో ఆయన్ని విమర్శించినవాళ్లని కూడా చదువు. పుస్తకం వచ్చిన కొన్ని వారాలకే మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ జవాబు రాసింది, 1791లో థామస్ పెయిన్ రాశాడు. పక్షి చచ్చిపోతుంటే దాని ఈకల అందం పోయిందని ఏడుస్తున్నావని బర్క్‌ని పట్టుకుని అడిగాడు పెయిన్. ఆ ప్రశ్న నీ థీసిస్ చివరిదాకా నీ వెంట ఉండాలి.

ఇప్పుడు అసలు చెప్పాల్సింది. మా డిపార్ట్‌మెంట్‌లో ఒక అబ్బాయి ఉండేవాడు, నీలాగే బాగా చదివేవాడు, నీలాగే తొందర. థీసిస్‌లో ఒక చాప్టర్ నిండా వరసగా బర్క్, బ్రిటిష్ ప్రధాని డిజ్రేలీ, ఇంగ్లిష్ తత్వవేత్త ఓక్‌షాట్, మార్కెట్ స్వేచ్ఛని సమర్థించిన ఆర్థికవేత్త హయెక్, అందరూ కన్సర్వేటివ్‌లే అని సబ్ హెడ్డింగులు పెట్టుకుంటూ వెళ్లాడు. వైవాలో ఎగ్జామినర్ చాలా నెమ్మదస్తుడు, గొంతు కూడా పెంచకుండా, హయెక్ 1960 పుస్తకంలో చివరి భాగం చూశారా బాబూ అని అడిగాడు. ఆ భాగానికి హయెక్ పెట్టిన టైటిలే తను ఎందుకు కన్సర్వేటివ్ కాదో అని. ఆ పుస్తకం అబ్బాయి బిబ్లియోగ్రఫీలో ఉంది. పాపం, జవాబు తన థీసిస్‌లోనే ఎక్కడో ఉన్నట్టు పేజీలు తిప్పుతూనే ఉన్నాడు, వేళ్లు వణకడం వెనక వరసలో కూర్చున్న నాకే కనిపించింది. మొత్తం చాప్టర్ మళ్లీ రాయమన్నారు. ఆ తర్వాత చాలా రోజులు ఎవరికీ మొహం చూపించలేదు. నీ టాపిక్ వినగానే నా కళ్ల ముందుకి వచ్చింది ఆ చేతులే.

ఒక్క భాగం చదవకపోవడంతో వచ్చిన ఇబ్బంది అనుకుంటావేమో, అంత చిన్నది కాదు చిన్నీ. ఎన్నికల్లో ఒకవైపు నిలబడ్డవాళ్లు ఆలోచనలో కూడా ఒకటే అనుకోవడం, అదీ వచ్చిన చిక్కు. హయెక్ ఫిర్యాదు ఏంటంటే కన్సర్వేటివ్‌లకి తమదంటూ ఒక దిక్కు ఉండదు, వేరేవాళ్లు లాగుతున్న బండిని కాస్త నెమ్మది చేస్తారంతే, పైగా అధికారం తమవాళ్ల చేతిలో ఉంటే దానికి హద్దులు అక్కర్లేదనుకుంటారు. మరి ఇలాంటాయన్ని బ్రిటన్ కన్సర్వేటివ్ ప్రధాని థాచర్ ఎందుకంత గౌరవించింది? అమెరికాలో 1955లో విలియం బక్లీ పెట్టిన నేషనల్ రివ్యూ అనే కన్సర్వేటివ్ పత్రికలో మార్కెట్ స్వేచ్ఛ కావాలనేవాళ్లూ, మతం సంప్రదాయం కావాలనేవాళ్లూ పక్కపక్కనే ఎలా రాశారు? ఆ పత్రికలోనే రాసే ఫ్రాంక్ మేయర్ లాంటివాళ్లు ఈ రెండింటినీ అతకడానికి సిద్ధాంతం కూడా రాశారు, కానీ నన్నడిగితే గట్టిగా అతికించింది సిద్ధాంతం కన్నా కమ్యూనిజం అంటే ఉన్న భయమే. 1991లో సోవియట్ యూనియన్ పోయాక అతుకులు కనిపించడం మొదలైంది. మార్కెట్ పాత ఊళ్లనీ, పాత కుటుంబాలనీ, పాత వృత్తులనీ ఎవరి అనుమతీ అడక్కుండా మార్చేస్తుంది, మరి వాటిని కాపాడాలనేవాడు మార్కెట్‌ని ఎంతవరకు సమర్థించగలడు? నీ థీసిస్‌కి ప్రాణం ఈ ప్రశ్నలోనే ఉందని నా నమ్మకం.

అందుకే ఒక్కొక్కళ్లనీ పట్టుకుని, నువ్వు ఏది పోతుందని భయపడుతున్నావు, ఎవరి వల్ల పోతుందంటున్నావు అని అడుగు. ఫ్రెంచ్ విప్లవాన్ని వ్యతిరేకించిన రచయిత మేస్త్ర్‌కి దేవుడూ రాజూ లేని రాజ్యం అంటేనే భయం, మనిషి రాసుకున్న రాజ్యాంగాలు నిలబడవంటాడు. బర్క్‌తో కలిపి రాయకు, మేస్త్ర్ మరణశిక్షలు అమలుచేసే తలారి మీద రాసిన పేజీలు చదివితే తేడా నీకే తెలుస్తుంది, రాత్రిపూట మాత్రం చదవొద్దు. డిజ్రేలీకి ఉన్నవాళ్లూ లేనివాళ్లూ రెండు వేరే దేశాలైపోతారని దిగులు, 1867లో పట్టణ కార్మికుల్లో చాలామందికి ఓటు వచ్చిన చట్టం ఆయన నడిపించిందే. జర్మనీ ఛాన్సలర్ బిస్మార్క్ సోషలిస్టుల బలం తగ్గించాలనుకున్నాడు, 1883లో కార్మికులకి ఆరోగ్య బీమా తెచ్చాడు, ప్రభుత్వ సంక్షేమం అంటేనే కన్సర్వేటివ్‌లకి పడదు అనేవాళ్లకి ఇది చూపించు. ఓక్‌షాట్ వేరే రకం, ఆయనకి దేవుడూ అక్కర్లేదు, పవిత్రమైన గతమూ అక్కర్లేదు, పుస్తకంలోంచి తీసిన ప్లానుతో సమాజాన్ని నడిపేస్తాననే మనిషి అంటేనే అనుమానం.

మనిషి తెలివికి హద్దులున్నాయి, ఎవరూ ప్లాన్ వెయ్యకుండా పెరిగినవాటిలో మనకి తెలియని ఉపయోగం ఉండొచ్చు, ఈ వినయం మాత్రం చాలామందిలో కనిపిస్తుంది. అది నిజంగా గొప్పదే. కానీ అదే వినయం పేరు చెప్పి కింద నలుగుతున్నవాళ్లని ఇంకాస్త ఆగండి, ఇంకాస్త ఆగండి అన్న సందర్భాలు చరిత్రలో కోకొల్లలు, వాటిని పక్కన పెడితే మాత్రం నేను ఊరుకోను. తిట్టినట్టుంటే ఏమనుకోకు తల్లీ, నువ్వు నిజాయితీగా రాస్తావనే నమ్మకంతోనే ఇంత గట్టిగా చెప్తున్నాను.

అమెరికన్ రాజనీతి శాస్త్రవేత్త హంటింగ్టన్ 1957 వ్యాసం సంపాదించు, కన్సర్వేటిజం అంటే స్థిరమైన సిద్ధాంతమా, లేక ఉన్న వ్యవస్థకి ముప్పొచ్చినప్పుడల్లా పుట్టుకొచ్చే స్పందనా అని అందులో ఉంది, ఆయన రెండోదాని వైపు. నువ్వు ఒప్పుకుంటావో లేదో రెండు పేజీలు రాసి, మీ గైడ్‌కి ఇచ్చే ముందు నాకు పంపు. కళ్లజోడు మార్చాను, ఇప్పుడు ఫోన్‌లో కూడా బాగానే చదవగలను.

మీ పెద్దమ్మ