కొలిమి వెలిగించే ముందు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. 15వ శతాబ్దపు ఇంగ్లండు జీవితాన్ని ప్రదర్శించే రీఎనాక్ట్‌మెంట్ బృందంలో చేరావనీ, పట్నంలో ఉండే ఒక చేతిపనివాడి ఇల్లాలి వేషం ఎంచుకున్నావనీ రాశావు. నడుముకు కట్టుకునే కత్తిని కొనకుండా నీ చేతులతోనే చేసుకుంటానన్నావు. ఆ మాట చదివి ఎంత సంతోషించానో చెప్పలేను. పాతికేళ్లుగా నేను ఈ పనిలోనే ఉన్నాను కదా, ఇంట్లో ఇంకొకరికి దీని మీద మనసు పుట్టింది.

నువ్వు పంపిన బొమ్మ మాత్రం పక్కన పెట్టెయ్ తల్లీ. ఇరవై సెంటీమీటర్లు దాటిన అలుగు (పిడి కాక మిగతా ఇనుప భాగం), ఆరు మిల్లీమీటర్ల వీపు (పదును లేని వైపు అంచు), ఒళ్లంతా సుత్తి దెబ్బల గుర్తులు, సగం వరకు కొలిమి నలుపు. ఇది ఈ కాలపువాళ్లు ఊహించుకున్న పాత కత్తి. ఆ కాలపు పనివాడు ఇలాంటిది అమ్మకానికి పెట్టి ఉండడు. అప్పుడు లండన్‌లో కత్తులపనివాళ్లకు సొంత సంఘం ఉండేది, 1416లో ఐదో హెన్రీ రాజు దానికి రాజముద్రతో గుర్తింపు పత్రం కూడా ఇచ్చాడు. అలుగు కొట్టేవాళ్లు వేరు, పిడి బిగించేవాళ్లు వేరు, ఒర కుట్టేవాళ్లు వేరు. అంతమంది చేతులు పడిన వస్తువు నున్నగా, తేలిగ్గా, మెరుస్తూ బయటికి వచ్చేది.

నా మొదటి కత్తి కూడా నీ బొమ్మలాంటిదే. దాన్ని కట్టుకుని మొదటిసారి శిబిరానికి వెళ్లాను. సాయంత్రం భోజనానికి కూర్చున్నాక రొట్టె కోయబోతే తెగలేదు, నలిగి ముక్కలైంది. పక్కనే కూర్చున్న పెద్దావిడ ఏమీ అనకుండా తన కత్తి తీసి ఇచ్చింది. నా వేలి కన్నా కాస్త పొడవైన అలుగు, పలుచటి వీపు, పీచు మిఠాయంత తేలిక. రొట్టె మీద పెట్టి లాగానో లేదో దిగిపోయింది. ఆ రాత్రంతా దాన్ని చేతిలో తిప్పి చూస్తూనే ఉన్నాను.

అప్పట్లో కత్తి ముందుగా భోజనపు సామాను. ఉత్తర ఐరోపా బల్లల మీద ఫోర్కు మామూలు కావడానికి 17వ శతాబ్దం దాకా పట్టింది. విందుకు వెళ్లినా ఎవరి కత్తి వాళ్లు తీసుకెళ్లేవాళ్లు. అదే కత్తితో రొట్టె, మాంసం, దారం, తోలు, అన్నీ కోసుకునేవాళ్లు. కాబట్టి నీ వేషంలోని ఆవిడ రోజంతా దీనితో ఏం చేస్తుందో ముందు ఆలోచించు. అలుగు తొమ్మిది పది సెంటీమీటర్లు చాలు. వీపు పిడి దగ్గర మూడు మిల్లీమీటర్లు మించనివ్వకు, మొన వైపు పోతూ ఇంకా పలుచబడాలి. ఈ పలుచబడటం లేకపోతే ఎంత మెరుగు పెట్టినా చేతికి బరువుగానే ఉంటుంది.

నమూనా ఎప్పుడూ తవ్వకాల్లో దొరికిన వస్తువు నుంచే తీసుకో. ఇంకో రీఎనాక్టర్ నడుమున ఉన్నదాన్ని చూసి చేస్తే అతని తప్పు కూడా నీకు వస్తుంది. థేమ్స్ నది ఒడ్డున లండన్‌లో జరిగిన తవ్వకాల్లో నీ కాలపు కత్తులు, ఒరలు చాలా దొరికాయి. యార్క్‌లో కాపర్‌గేట్ దగ్గర 1976 నుంచి 1981 దాకా తవ్వినప్పుడు గాలి సోకని తడి నేలలో తోలు, చెక్క కూడా పాడవకుండా బయటపడ్డాయి. అయితే కాపర్‌గేట్ పేరు చెప్పగానే గుర్తొచ్చేది స్కాండినేవియా నుంచి వచ్చిన వైకింగుల కాలం, నీకన్నా నాలుగైదు వందల ఏళ్ల ముందుది. అందుకే ఏ వస్తువు చూసినా దాని పక్కన రాసిన కాలం చూడు.

కొత్తవాళ్లందరి మనసూ సీక్స్ మీదికి, అంటే నీ కాలానికి చాలా ముందటి ఒకవైపే పదునున్న కత్తి మీదికి పోతుంది, నాదీ పోయింది. బ్రిటిష్ మ్యూజియంలో బేగ్‌నోత్ సీక్స్ అని ఒకటుంది. 1857లో థేమ్స్‌లో దొరికింది, పొడవు 72 సెంటీమీటర్లు. ఆంగ్లో-సాక్సన్లు, అంటే అప్పటి ఇంగ్లండువాళ్లు, వాడిన రూన్ అనే పాత లిపి అక్షరాలు 28 వరసగా దాని అలుగు మీద పొదిగి ఉంటాయి. దాని ముందు నిలబడితే కదల బుద్ధి కాదు. కానీ 15వ శతాబ్దపు ఇల్లాలి నడుమున సీక్స్ ఉంటే, ఈ కాలపు మనిషి పట్టాకత్తి కట్టుకుని కూరగాయలకు వెళ్లినట్టే.

ఇక ఉక్కు సంగతి. అప్పుడు ఉక్కు ఖరీదు ఎక్కువ. అందుకని ఒళ్లంతా మెత్తటి ఇనుముతో చేసి వాదర (కోసే అంచు) దగ్గర మాత్రం ఉక్కు పట్టీ అతికేవాళ్లు, లేదా రెండు ఇనుప పొరల మధ్య ఉక్కు పెట్టేవాళ్లు. ఆ అతుకు పని నీకు ఇప్పుడే వద్దు. 1084 రకం ఉక్కు తీసుకో. అందులో కార్బన్ సుమారు 0.84 శాతం ఉంటుంది, కొత్త చేతులు చేసే చిన్న తప్పులను అది ఓర్చుకుంటుంది. స్టెయిన్‌లెస్ జోలికి పోకు. అది 20వ శతాబ్దపు సరుకు, కొలిమిలో దాన్ని సరిగా గట్టిపరచడమూ కష్టమే. పాత ఇనుము ఏదో దొరికిందని కొలిమిలో పెట్టకు. జింకు పూత ఉంటే ఆ పొగ పీల్చి జ్వరం పడతావు.

దాగలి, పట్టకారు లేకపోయినా నష్టం లేదు. మొదటి కత్తిని ఆకురాయితోనే రూపు దిద్దు. నాలుగు సాయంత్రాలు పడుతుంది, భుజాలు నొప్పెడతాయి. కానీ ఎక్కడ ఎంత లోహం తీస్తే కత్తి ఎలా మారుతుందో ఆకురాయి నేర్పినట్టు సుత్తి నేర్పదు. గట్టిపరిచే ముందు వాదరను మరీ పలుచన చెయ్యకు, మిల్లీమీటరు పైనే ఉంచు. లేకపోతే వంకర పోతుంది.

గట్టిపరచడమే అందరికీ టెన్షన్ పెట్టే ఘట్టం. వెలుతురు తక్కువగా ఉన్న చోట చెయ్యి, ఎండలో రంగు మోసం చేస్తుంది. అలుగును మెల్లగా, సమంగా వేడెక్కించు. అయస్కాంతం పట్టుకోవడం మానేసిందంటే 770 డిగ్రీలు దాటిందన్నమాట. ఇంకొంచెం, 815 దాకా పోనిచ్చి, ముందుగా 50 డిగ్రీలకు వెచ్చబెట్టుకున్న వంటనూనెలో మొన కిందికి పెట్టి నిటారుగా దించు. పక్కకు ఊపకు. నీళ్లలో మాత్రం ముంచకు. నేను తొందరపడి ముంచితే టక్కున చప్పుడైంది, వారం రోజుల పని వాదర నుంచి వీపు దాకా చీలిపోయింది. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. నూనెలోంచి తీశాక ఆకురాయి గీస్తే కొరకకుండా జారిపోవాలి. అప్పుడది గాజులా పెళుసుగా ఉంటుంది, కింద పడినా విరుగుతుంది. ఆలస్యం చెయ్యకుండా ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర రెండు గంటలు, చల్లారాక మళ్లీ రెండు గంటలు ఉంచు. ఎండుగడ్డి రంగు వస్తే సరిపోయింది.

పిడికి నీ కాలంలో రెండు దారులూ ఉన్నాయి. అలుగు తోకను, అంటే పిడి వైపు సన్నగా మిగిల్చిన భాగాన్ని, చెక్కలోకి దించడం పాత పద్ధతి. తోకకు రెండు వైపులా పలకలు పెట్టి మేకులు కొట్టడం లండన్‌లో 14వ శతాబ్దం నుంచి మామూలైంది. మొదటిది చెయ్యమంటాను. చెక్కకు చిన్న బెజ్జం వేసి, అలుగుకు తడిగుడ్డ చుట్టి, తోకను మాత్రం ఎర్రగా కాల్చి లోపలికి నొక్కు. అది తన చోటు తానే కాల్చుకుని కూర్చుంటుంది. ఎముక పిడి కావాలంటే, అరగదీసేటప్పుడు మంచి మాస్కు లేకుండా కూర్చోకు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. చెక్కకు అవిసె నూనె రాస్తావు కదా, ఆ నూనె గుడ్డలను ఉండ చుట్టి పడేస్తే వాటంతట అవే అంటుకుంటాయి. పరిచి ఆరబెట్టు.

ఒర మీద చాలామంది శ్రద్ధ పెట్టరు, నాకది బాధ. నీ కాలపు ఒర ఒకే తోలు ముక్క, కుట్టు వెనక వైపు నడిమధ్యన వస్తుంది. వైకింగ్ ఒరల్లాగా వాదర పక్కన కుట్టకు. చెట్టు బెరడుతో పదును చేసిన తోలు తెచ్చుకో, క్రోమ్ తోలు (క్రోమియం లవణాలతో పదును చేసినది) 19వ శతాబ్దంలో వచ్చింది. తోలును తడిపి, కత్తికి పల్చటి ప్లాస్టిక్ చుట్టి లోపల పెట్టి, మైనం పట్టించిన నార దారంతో కుట్టు. పిడి సగం దాకా లోపలికి దిగాలి. అప్పుడు గుండీలు, పట్టీలు లేకుండానే నిలబడుతుంది. శిబిరం అయిపోయాక కత్తిని ఒరలో ఉంచకు, ఆ తోలు తేమ పీల్చి తుప్పు పట్టిస్తుంది.

బృందం ప్రదర్శించే పోరాటాల్లో దిగే సరదా కూడా ఉందని రాశావు. దిగు, కానీ ఈ కత్తితో మాత్రం వద్దు. పోరు బాకు వేరే ఉంటుంది, వాదర మొద్దుగా, మొన గుండ్రంగా. మైదానంలోకి వెళ్లే ముందు నీ పదును కత్తి తీసి పెట్టెలో పెట్టడం అలవాటు చేసుకో. దారిలో కూడా నడుమున వద్దు. ఇంగ్లండులో సరైన కారణం లేకుండా ఇలాంటి కత్తితో బయట తిరగడం నేరం. మూటకట్టి సామాను అడుగున పెట్టు.

ఈ వారం ఉక్కు కొనకు. మ్యూజియం కొలతలతో పలుచటి చెక్క ముక్కను కత్తిలా చెక్కు, నీ వేషం బట్టలు వేసుకుని నడుముకు కట్టుకో, ఒక రోజంతా వంట చెయ్యి, కూర్చో, వంగు, పరుగెత్తు. ఎక్కడ గుచ్చుకుంటుందో, చెయ్యి దానికోసం ఏ వైపు పోతుందో తెలుస్తుంది. ఆ చెక్క కత్తి ఫొటో నాకు పంపు, పక్కన స్కేలు పెట్టి.

ఇట్లు,
మీ మామయ్య