గోధుమ మానే ముందు ఆ బ్లడ్ టెస్ట్ చేయించుకో సింధూ

సింధూ,

గుర్‌గావ్‌లో చపాతీ, బ్రెడ్ అన్నీ మానేశావంట, మనసు తేలిగ్గా ఉందంట, ఇక డిప్రెషన్ టాబ్లెట్లు కూడా ఆపేద్దామనుకుంటున్నావంట, మీ అమ్మ కంగారుపడుతూ చెప్పింది. టాబ్లెట్లు మాత్రం ఆపకు తల్లీ. అవి ఉన్నట్టుండి ఆపితే తల తిరగడం, నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం ఉంటాయి, అప్పుడు అది గోధుమ మానినందుకా టాబ్లెట్ మానినందుకా అన్నది నీకూ తేలదు డాక్టర్‌కీ తేలదు. తగ్గించాలంటే ఆయనే మెల్లగా తగ్గిస్తారు.

గోధుమకీ మూడ్‌కీ సంబంధం లేదని నేను కొట్టిపారేయను, ఇన్నేళ్ళు డైటీషియన్‌గా చేశాను కదా. సీలియాక్ అని ఒక జబ్బు ఉంది, అది ఉన్నవాళ్ళకి గోధుమలోని గ్లూటెన్ అనే ప్రోటీన్ వల్ల చిన్న పేగు లోపలి పొర దెబ్బతింటుంది, దాంతో ఐరన్, ఫోలేట్, బి12 సరిగ్గా ఒంటబట్టవు, మనిషి నీరసంగా, చిరాగ్గా, దిగులుగా అయిపోతాడు. కొందరికి విరేచనాలు కూడా ఉండవు, రక్తం తక్కువ, మనసు బాలేదు, అంతే, ఏళ్ళ తరబడి ఐరన్ మాత్రలు మింగుతూనే ఉంటారు. మన సౌత్‌లో ఇది చాలా తక్కువ, నువ్వుంటున్న హర్యానా, పంజాబ్ వైపు బాగా ఎక్కువ, దాదాపు వందలో ఒకరికి ఉంటుంది. నువ్వు మన పిల్లవే అయినా నీకూ హిమోగ్లోబిన్ ఎప్పుడూ తక్కువే కాబట్టి చూపించుకోవడం మంచిది.

చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ముందు గోధుమ మానేసి తర్వాత టెస్ట్‌కి వెళ్తారు, అప్పటికి రక్తంలో ఆ టెస్ట్ వెతికే యాంటీబాడీలు తగ్గిపోయి జబ్బు ఉన్నా రిపోర్ట్ నార్మల్ అని రావచ్చు. నువ్వు మానేసి వారమేగా, ఈరోజే డాక్టర్‌కి ఫోన్ చేసి ఆ సంగతి చెప్పు. టీటీజీ ఐజీఏ అని సీలియాక్ యాంటీబాడీలు చూసే బ్లడ్ టెస్ట్, దాంతోపాటు ఒంట్లో ఐజీఏ యాంటీబాడీలు మొత్తం ఎంత ఉన్నాయో చూసే టోటల్ ఐజీఏ రాయించుకో, ఐరన్, బి12, థైరాయిడ్ కూడా. ఒకవేళ మానేసి చాలా రోజులైపోయి ఉంటే మళ్ళీ కనీసం ఆరు వారాలు రోజూ గోధుమ తిన్నాకే టెస్ట్ అంటారు, ఆ బాధ ఎందుకు చెప్పు.

సీలియాక్ లేదని తేలినా కొందరికి గోధుమ పడదు. 2014లో ఆస్ట్రేలియాలో మోనాష్ యూనివర్సిటీ వాళ్ళు అలాంటి 22 మందికి ఏం తింటున్నారో చెప్పకుండా మూడేసి రోజులు గ్లూటెన్ పెట్టి చూశారు, కడుపులో పెద్ద తేడా లేదు గానీ దిగులు స్కోర్ మాత్రం పెరిగింది. చిన్న స్టడీ, మూడు రోజుల మాట, దాన్ని పట్టుకుని టాబ్లెట్లు మానకూడదు. ఇంకోటి, గోధుమలో ఫ్రక్టాన్స్ అని ఒకరకం కార్బోహైడ్రేట్లు ఉంటాయి, ఉల్లి వెల్లుల్లిలో కూడా అవే, అవి పడనివాళ్ళకి రాత్రంతా కడుపు ఉబ్బరం, నిద్ర ఉండదు, నిద్ర లేకపోతే మర్నాడు మూడ్ ఎలా ఉంటుంది? పైగా గోధుమ మానేశామంటే బిస్కెట్లు, పఫ్‌లు, నూడుల్స్ కూడా మానేసినట్టే, ఆ హాయి దేనివల్లో ఎవరు చెప్పగలరు.

టెస్ట్‌లో సీలియాక్ లేదని తేలాక, డాక్టర్ సరే అంటే, ఆరు వారాలు మాని చూడు. రోజూ రాత్రి నిద్ర, కడుపు, మనసు ఎలా ఉన్నాయో ఒక్క లైన్ రాసుకో, తర్వాత మళ్ళీ తిని చూడు, మళ్ళీ తినకుండా ఏదీ తేల్చుకోకు. జొన్న రొట్టె, రాగి సంగటి, అన్నం పప్పు, పెసరట్టు, ఇడ్లీ ఉండగా నీకేం లోటు, ఆ ఖరీదైన గ్లూటెన్ ఫ్రీ బిస్కెట్ల జోలికి పోకు, చాలావాటిలో స్టార్చ్, చక్కెరే. కానీ బొంబాయి రవ్వ, సేమియా, మైదా అన్నీ గోధుమే, మాల్ట్ పొడులు బార్లీవి, వాటిలోనూ గ్లూటెన్ ఉంటుంది. పులిహోరలో వేసే ఇంగువ డబ్బా తిప్పి చదువు, చాలావాటిలో మైదానో గోధుమ పిండో కలుపుతారు, సీలియాక్ ఉంటే ఆ చిటికెడు కూడా వద్దు.

ఫ్రెండ్స్ పిలిస్తే తినడానికేం ఉండదని వెళ్ళడం మానకు, నీకిప్పుడు మనుషులు కావాలి, ఇంట్లో తినేసి వెళ్ళు. దిగులు మరీ ఎక్కువైతే, బతకాలని లేదనిపిస్తే ఒక్క క్షణం ఆగకుండా నాకు ఫోన్ చెయ్, ఎంత రాత్రైనా సరే, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి చెయ్, తెలుగులో కూడా మాట్లాడతారు. రిపోర్ట్ రాగానే ఫోటో పంపు, సాయంత్రం కూర్చుని చూద్దాం.

మీ పెద్దమ్మ