ఫోన్ రాలేదంటే బాగున్నట్టేనా?

ఈ నెల ఆరోగ్య శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే బాధ చెబుతున్నాయి: పరీక్ష చేశారు, ఫలితం చెప్పలేదు. వాటిలో నాలుగింటికి ఇక్కడ జవాబిస్తున్నాం.

*మూడు నెలల కిందట మా ఊళ్లో ఆడవాళ్లకు క్యాన్సర్ పరీక్షల శిబిరం పెట్టారు. గర్భసంచి ముఖద్వారం దగ్గర చిన్న పుల్లతో తీసి గాజు పలక మీద పూశారు. ‘ఏదైనా ఉంటే ఫోన్ చేస్తాం, రాకపోతే బాగున్నట్టే’ అన్నారు. ఫోన్ రాలేదు. ధైర్యంగా ఉండొచ్చా?*
– 47 ఏళ్ల పాఠకురాలు, గుంటూరు జిల్లా

ఉండకూడదమ్మా. బాగుండటం వల్లే ఫోన్ రాలేదని చెప్పలేం. దానికి ఇంకా చాలా కారణాలు ఉంటాయి.

మీకు చేసింది పాప్ స్మియర్. ఆ పలక ఎన్ని చేతులు మారుతుందో చూడండి. పలకకు ఒక చివర గరుకుగా ఉన్నచోట మీ పేరో నంబరో పెన్సిల్‌తో రాస్తారు. పెన్నుతో రాస్తే ఆల్కహాల్లో కరిగిపోతుంది. పూసిన వెంటనే పలకను 95 శాతం ఆల్కహాల్లో ముంచాలి. కాస్త ఆలస్యమై ఆరిందా, కణాల రూపం చెడిపోతుంది. తర్వాత పెట్టెలో సర్ది ల్యాబ్‌కు పంపుతారు. కణాలను మైక్రోస్కోపులో చూసే డాక్టరు, అంటే పెథాలజిస్టు, రాసిన రిపోర్టు శిబిరం పెట్టినవాళ్లకు చేరుతుంది. వాళ్లలో ఒకరు జాబితా ముందేసుకుని ఫోన్లు చేయాలి. ఫారంలో రాసింది మీ అబ్బాయి పాత నంబరైతే? అదే రోజు లక్ష్మి పేరుతో నలుగురు వచ్చి ఉంటే? శిబిరంలో అత్తింటి ఇంటిపేరు, ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు ఉంటే? కబురు ఎక్కువగా తప్పిపోయేది ఇలాంటి చోట్లే.

ఇంకో చిక్కు ఉంది. ఇలా పలక మీద పూసే పద్ధతిలో కనీసం 8,000 నుంచి 12,000 పొలుసు కణాలు (ముఖద్వారం పైపొరలో ఉండేవి) స్పష్టంగా కనిపించాలి. అన్ని లేకపోయినా, రక్తం కప్పేసినా రిపోర్టులో ‘అన్‌శాటిస్‌ఫాక్టరీ’ అని రాస్తారు. అంటే పరీక్ష జరగనట్టే, రెండు నుంచి నాలుగు నెలల్లో మళ్లీ చేయించుకోవాలి. కానీ ‘ఏదైనా ఉన్నవాళ్ల’ జాబితాలో ఈ పేర్లు ఉండకపోవచ్చు. మనమేమో బాగున్నామనుకుని ఏళ్లు గడిపేస్తాం.

శిబిరంలో ఇచ్చిన చీటీ పట్టుకుని అడగండి. లేకపోతే తేదీ చెప్పినా చాలు. ‘నా పలక నంబరెంత? ఏ ల్యాబ్‌కు వెళ్లింది? రిపోర్టు కాపీ ఇవ్వండి’ అనండి. ప్రభుత్వం తరఫున చేసిందైతే మీ ఆశా కార్యకర్తనూ ఏఎన్ఎంనూ అడగండి. 30 ఏళ్లు దాటినవారికి చేసే బీపీ, షుగరు, నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షల వివరాలు వారి దగ్గర నమోదవుతాయి. రెండు వారాల్లో కాగితం చేతికి రాకపోతే ఇక వెతకొద్దు, మళ్లీ పరీక్ష చేయించుకోండి. నెలసరి రోజుల్లో వద్దు. ముందు రెండు రోజులు కలయిక, లోపల పెట్టుకునే మందులు మానాలి.

కాగితం వచ్చాక ‘ఎన్ఐఎల్ఎం’ అని ఉంటే క్యాన్సర్‌కు దారితీసే మార్పులు లేవన్నమాట. ‘ఏఎస్‌సీ-యూఎస్’ అంటే తేల్చి చెప్పలేని కొద్దిపాటి మార్పు. అప్పుడు హెచ్‌పీవీ (ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్) పరీక్ష గానీ ఏడాదికి మళ్లీ పాప్ స్మియర్ గానీ చేస్తారు. ‘హెచ్‌ఎస్‌ఐఎల్’ అంటే క్యాన్సర్‌కు దారితీయగల తీవ్రమైన మార్పు. అలా ఉంటే మాత్రం వాయిదా వేయొద్దు, కాల్పోస్కోపీకి (ముఖద్వారాన్ని పెద్దదిగా చూపే పరికరంతో చేసే పరీక్షకు) వెళ్లండి. అది ఇంకా క్యాన్సర్ కాదు. ఆ దశలో చెడిన పొరను మాత్రమే తీసేస్తే సరిపోయేవాళ్లు ఎక్కువ. ఆ అవకాశం కోసమే కదా ఈ పరీక్ష పెట్టింది! ఫలితం చెప్పకపోతే ఆ అవకాశమే పోతుంది.

పలక కాకుండా దూదితో పల్చటి ఎసిటిక్ ఆమ్లం అద్ది చూసేవాళ్లూ ఉన్నారు. ఆ పరీక్షలో మార్పు ఉన్నచోట ఒక నిమిషంలో తెల్లబడుతుంది. ఫలితం అక్కడికక్కడే తెలుస్తుంది కాబట్టి, బల్ల దిగేలోపే అడిగి కాగితం మీద రాయించుకోండి.

*మా అమ్మకు 58 ఏళ్లు. మామోగ్రామ్‌లో (రొమ్ము ఎక్స్‌రేలో) ఏదో తేడా వచ్చిందని రిపోర్టు మా అన్నయ్య చేతికిచ్చారు. ‘అమ్మ తట్టుకోలేదు, చెప్పకు. నీటిగడ్డ అని చెప్పి బయాప్సీకి తీసుకెళ్దాం’ అంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు.*
– పాఠకురాలు, వరంగల్

మీ మనసు సరైన దారిలోనే ఉంది. మీ అన్నయ్యది ప్రేమే, అందులో అనుమానం లేదు. కానీ ఆ రిపోర్టు అమ్మది. స్పృహలో ఉండి, ఆలోచించుకోగల పెద్దవారి విషయంలో వారి సమ్మతే కావాలి, దగ్గరివాళ్ల సంతకం చాలదని 2008లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. బయాప్సీ కాగితం మీద అమ్మే సంతకం పెట్టాలి. నీటిగడ్డ అనుకుని పెట్టిన సంతకం సమ్మతి ఎలా అవుతుంది?

ముందు మీరిద్దరూ రిపోర్టు చివర ‘బైరాడ్స్’ (అనుమానం ఎంతో చెప్పే కొలమానం) పక్కనున్న అంకె చూడండి. 0 అంటే పరీక్ష అసంపూర్తి, ఇంకో ఫిల్మో అల్ట్రాసౌండో కావాలి. దాన్ని చూసి బెంబేలెత్తే ఇళ్లు చాలా ఉన్నాయి. 1, 2 అయితే దిగులు లేదు. 3 అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం నూటికి రెండుకు మించదు, ఆరు నెలలకు మళ్లీ చూస్తారు. 4 వస్తే బయాప్సీ అంటారు, అయితే ఆ ఒక్క అంకెలోనే అనుమానం నూటికి 2 నుంచి 95 దాకా ఉండొచ్చు. 5 అయితే 95 దాటినట్టు. అంకె చూడకుండా ‘అమ్మకు క్యాన్సర్’ అని మీలో మీరు కుమిలిపోకండి.

తర్వాత అమ్మ పక్కన కూర్చుని ఇలా చెప్పండి: ‘అమ్మా, ఫిల్మ్‌లో ఒకచోట తేడా కనిపించిందట. అదేమిటో తేలాలంటే సూదితో చిన్న ముక్క తీసి చూడాలి. డాక్టరు చెప్పేవన్నీ నువ్వే వింటావా, మమ్మల్ని విని చెప్పమంటావా?’ వినొద్దనుకునే హక్కూ ఆమెకుంది. కానీ ఆ మాట ఆమె నోటి నుంచే రావాలి.

దాచిన ఇళ్లలో జరిగేది ఇది. ‘నొప్పి లేదుగా’ అని అమ్మ తర్వాతి తేదీకి రానంటుంది. లేదా ఆసుపత్రి గుమ్మంలో బోర్డు చదివి తెలుసుకుంటుంది. ఆ తర్వాత పిల్లలు ‘ఏం ఫర్లేదమ్మా’ అన్నా నమ్మదు.

*కాలేజీలో రక్తదానం చేశాను. నెల తర్వాత బ్లడ్ బ్యాంక్ నుంచి ‘ఒకసారి వచ్చి కలవండి’ అని ఫోన్. ఎందుకో చెప్పలేదు. వెళ్లాలంటే భయంగా ఉంది.*
– విద్యార్థి, హైదరాబాద్

వెళ్లండి, ఈ వారంలోనే. దానం చేసిన ప్రతి యూనిట్‌కూ హెచ్ఐవీ, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చేస్తారు. తేడా ఉంటే మీకు తెలియజేయాలా అని దాతల ఫారంలోనే అడుగుతారు. ఫోన్‌లో చెప్పకపోవడం మీ మంచికే. ఫోన్ ఎవరు ఎత్తుతారో తెలియదు. పైగా హెచ్ఐవీ సంగతి గోప్యంగా ఉంచాలని, ఫలితం కౌన్సెలింగ్‌తో పాటే చెప్పాలని 2017 చట్టం ఉంది.

అక్కడ ‘రియాక్టివ్’ (తొలి పరీక్షలో తేడా కనిపించింది) అన్నారంటే జబ్బు ఖాయమైనట్టు కాదు. ఒక్క చెడ్డ యూనిట్ కూడా జారిపోకూడదని ఆ కిట్లు అతి సున్నితంగా ఉంటాయి, అందుకే లేనిది ఉన్నట్టూ చూపగలవు. హెచ్ఐవీకైతే ప్రభుత్వ ఆసుపత్రిలోని ఐసీటీసీలో (హెచ్ఐవీ కౌన్సెలింగ్, పరీక్షల కేంద్రంలో) ఉచితంగా నిర్ధారణ చేస్తారు. హెపటైటిస్ సి తేలినా సాధారణంగా 12 వారాల మాత్రలతో నయమవుతుంది, ప్రభుత్వ కార్యక్రమంలో మందులు ఉచితం. సంగతి తేలేదాకా మరెక్కడా రక్తం ఇవ్వొద్దు.

*ఆసుపత్రిలో పరీక్షలన్నీ చేసి, రిపోర్టులు డాక్టరు దగ్గరే ఉంటాయన్నారు. గర్భిణికి చేసిన టిఫా స్కాన్ (కడుపులోని బిడ్డ అవయవాలను చూసే స్కాన్) కాగితం కూడా ఇవ్వలేదు. అడగొచ్చా?*
– పాఠకుడు, అనంతపురం

తప్పకుండా అడగండి. 2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం రోగి గానీ ఆయన అధికారమిచ్చినవారు గానీ అడిగిన 72 గంటల్లో రికార్డులివ్వాలి. నోటితో కాకుండా రాసి అడగండి. పేరు, వయసు, ఓపీ నంబరు, తేదీ రాసి రెండు ప్రతులు తీసుకెళ్లండి. ఒకటిచ్చి రెండోదాని మీద ముద్ర వేయించుకోండి. గడువు దాటితే సూపరింటెండెంటుకు, అక్కడా కాకపోతే రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కు ఆ ముద్ర ఉన్న కాగితం జతచేసి రాయండి.

టిఫా విషయంలో చెప్పకూడనిది ఒక్కటే, ఆడా మగా అన్నది. 1994 చట్టం దాన్ని నిషేధించింది. బిడ్డ గుండె, వెన్ను, మెదడు, ఉమ్మనీరు గురించి చూసిందంతా తల్లికి చెప్పాల్సిందే. ఈ స్కాన్ చేసేది ఐదో నెలలో. ఏదైనా లోపం కనిపిస్తే గుండె స్కాన్, ఉమ్మనీటి పరీక్ష, పెద్ద ఆసుపత్రిలో రెండో అభిప్రాయం అన్నీ ఆ తర్వాత కొద్ది వారాల్లోనే జరగాలి. అందుకే స్కాన్ చేసిన రోజే కాగితం తీసుకుని బయటికి రండి.