ఫోన్‌లో పాఠం ఉంటే సరిపోతుందా? పల్లె పిల్లల ఆన్‌లైన్ చదువు మీద మీ ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆన్‌లైన్ చదువు గురించే, అందుకే మామూలుగా వేసే ఇతర ప్రశ్నలు పక్కన పెట్టి వీటికే జవాబులు ఇస్తున్నా. పేర్లు వేయొద్దని అడిగినవాళ్ళు ఉన్నారు కాబట్టి ఎవరి పేరూ వేయట్లేదు.

*

ప్రశ్న: సార్, మాది పుంగనూరు దగ్గర పల్లె. మావోడు ఏడో తరగతి. బడి నుంచి వచ్చినప్పట్నుంచి ఫోన్‌లో పాఠాలు చూస్తా ఉంటాడు. నేను పాలు పోసి వచ్చేసరికి కూడా అదే పని. నిజంగా పాఠాలే సార్, పక్కన కూర్చొని చూసినా. కానీ ఏం చెప్పినార్రా అంటే ఒక్క ముక్క చెప్పలేడు. మా ఆయన ఫోన్ లాగేసుకో అంటా ఉండాడు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ఫోన్ లాగేసుకోవద్దు, వాణ్ణి తిట్టొద్దు కూడా. వాడు మిమ్మల్ని మోసం చేయట్లేదు, చూస్తున్నంతసేపు వాడికి నిజంగానే అంతా అర్థమైనట్టే ఉంటుంది. అక్కడే ఉంది చిక్కంతా. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అని ఇద్దరు సైకాలజిస్టులు కాలేజీ పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. కొంతమంది చేత ఒక పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివించారు, ఇంకొంతమందికి మాత్రం ఒకసారి చదవనిచ్చి ఆ తర్వాత కాగితం తీసేసుకుని, గుర్తున్నదంతా రాయమన్నారు, అట్లా మూడుసార్లు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే మళ్ళీ మళ్ళీ చదివినోళ్ళే ఎక్కువ చెప్పారు. వారం తర్వాత అడిగితే మొత్తం తిరగబడింది: వాళ్ళకి 40 శాతం గుర్తుంటే, చూడకుండా రాసినోళ్ళకి 61 శాతం గుర్తుంది.

వీడియోల మీద కూడా ఇలాంటిదే ఒకటుంది, 2013లో హార్వర్డ్‌లో చేసింది. 21 నిమిషాల పాఠాన్ని నాలుగు ముక్కలు చేసి, ఒక గుంపుకి ప్రతి ముక్క తర్వాత చిన్న పరీక్ష పెట్టారు. పాఠం నడుస్తుండగా మధ్యమధ్యలో "ఇప్పుడు నీ మనసు పాఠం మీదే ఉందా?" అని అడిగితే, పరీక్ష లేనివాళ్ళు 41 శాతం సార్లు లేదన్నారు, పరీక్షలున్నవాళ్ళు 19 శాతం సార్లే. నోట్సు రాసుకోవడం కూడా దాదాపు మూడింతలు పెరిగింది. వాళ్ళంతా యూనివర్సిటీ చదువుకొచ్చిన పెద్ద పిల్లలు, వాళ్ళ మనసే అట్లా పరిగెత్తితే ఏడో తరగతి పిల్లోడిది పరిగెత్తడంలో వింతేముంది చెప్పండి.

కాబట్టి మీరు చేయాల్సింది ఇది. అయిదారు నిమిషాలు చూశాక వీడియో ఆపించండి, ఫోన్ బోర్లా పెట్టించండి, ఇప్పటిదాకా ఏం చెప్పారో నోట్‌బుక్కులో రాయమనండి, లేదంటే నోటితో మీకే చెప్పమనండి. మీకు ఆ పాఠం రాకపోయినా పర్లేదు, "అదెందుకట్లా అయింది నాయనా?" అని అడిగితే చాలు, వాడు ఎక్కడ తడబడతాడో వాడికే తెలిసిపోతుంది, అప్పుడు వెనక్కి పోయి ఆ ముక్క మాత్రం చూసుకుంటాడు. రెండు రోజులాగి అదే మళ్ళీ అడగండి. మొదట్లో విసుక్కుంటాడు, ఎందుకంటే గుర్తు తెచ్చుకోవడం చూడ్డం కంటే కష్టమైన పని, ఆ కష్టం పడితేనే తలకెక్కుతుంది. మీరు పాలు పోసి రావడానికి పట్టే టైములో ఒక వీడియో చూసి రాసి పెట్టమనండి, మిగతాది మీరొచ్చాక.

*

ప్రశ్న: నమస్తే సార్. సత్యవేడు వైపు జడ్పీ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. ఎనిమిదో తరగతి వీడియో పాఠాలు బాగానే ఉన్నాయి, కానీ నా క్లాసులో చాలామందికి భాగహారమే సరిగ్గా రాదు, ఇక బీజగణితం వీడియో చూసి వాళ్ళేం చేస్తారు? పై నుంచి మాత్రం వాడకం ఎంత అని లెక్క అడుగుతారు. దీనిపై నిజమైన పరిశోధన ఏదైనా ఉందా?

జవాబు: ఉంది టీచర్ గారూ, మీరు క్లాసులో చూస్తున్నదే ఆ పరిశోధనల్లోనూ తేలింది. ముందు పరికరాల సంగతి. పెరూ దేశంలో పల్లెటూరి బళ్ళలో పిల్లలకి తలా ఒక ల్యాప్‌టాప్ ఇచ్చారు, మూడొందలకు పైగా బళ్ళలో దాన్ని పరిశీలించి చూస్తే లెక్కల్లో గానీ భాషలో గానీ తేడా ఏమీ కనపడలేదు. మన రాష్ట్రంలో కూడా 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకి ట్యాబులు పంచారు, ఇవ్వడం మంచిదే, నేను కాదనను, కానీ పిల్లోడి చేతికి ఏం వచ్చిందని కాకుండా ఆ తెర మీద కనపడే లెక్క వాడు చేయగలిగే మెట్టు మీద ఉందా లేదా అని చూడాలి.

దీనికి గట్టి రుజువు ఢిల్లీలో దొరికింది. కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాండ్రో గనిమియన్ అనే ముగ్గురు మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్ మీద స్టడీ చేసి 2019లో అచ్చేశారు. అందులో ఆరో తరగతి పిల్లలు సగటున లెక్కల్లో రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారు, తొమ్మిదో తరగతికి వచ్చేసరికి ఆ తేడా నాలుగున్నర తరగతులు, అంటే పై క్లాసుకి పోయేకొద్దీ పాఠం ముందుకి పోతా ఉంటే పిల్లోడు అక్కడే నిలబడిపోతున్నాడన్నమాట. ఆ సాఫ్ట్‌వేర్ ముందు పరీక్ష పెట్టి పిల్లోడు ఎక్కడున్నాడో కనుక్కొని అక్కణ్ణుంచే మొదలుపెడుతుంది, తప్పు చేస్తే ఏ రకం తప్పో చూసి దానికి తగ్గ లెక్క ఇస్తుంది. రోజుకి గంటన్నర, అందులో సగం కంప్యూటర్ ముందు, సగం ఒక టీచింగ్ అసిస్టెంట్ దగ్గర చిన్న గుంపులో (ఈ రెండో సగాన్ని చాలామంది మర్చిపోతారు). నాలుగున్నర నెలల్లో ఆ పిల్లలు మిగతావాళ్ళకంటే లెక్కల్లో రెట్టింపుకి మించి ముందుకి పోయారు. అయితే ఒకటి ఉన్నదున్నట్టు చెప్పాలి, వాళ్ళ బడి పరీక్షల్లో లెక్కల మార్కులు మాత్రం పెద్దగా పెరగలేదు, ఎందుకంటే బడి పరీక్ష ఎనిమిదో తరగతిది అయితే పిల్లోడు అప్పుడే నాలుగు నుంచి అయిదుకి ఎక్కుతున్నాడు. మీ పై అధికారులకి చెప్పాల్సి వస్తే ఇది కూడా చెప్పండి, లేదంటే మూడు నెలలకే "ఏం ఉపయోగం లేదు" అని ఆపేస్తారు. మన దగ్గర కూడా కొన్ని గవర్నమెంటు బళ్ళలో ఇలా పిల్లోడి స్థాయిని బట్టి నడిచే ట్యాబ్ క్లాసులు ఉన్నాయి, నోబెల్ వచ్చిన ఆర్థికవేత్త మైకేల్ క్రెమర్ బృందం వాటిని పరిశీలించింది కూడా.

అసలు ఈ ఆలోచనకి సాఫ్ట్‌వేర్ కూడా అక్కర్లేదు. మన పాత చిత్తూరు జిల్లాలోనే, మదనపల్లె దగ్గర రిషి వ్యాలీలో రమ, పద్మనాభరావు గార్లు పల్లె బళ్ళ కోసం కార్డులతో, మెట్ల నిచ్చెనతో ఒక పద్ధతి తయారుచేశారు, ఒకే గదిలో వేరే వేరే తరగతుల పిల్లలు ఎవరి మెట్టు మీద వాళ్ళు ఉండి నేర్చుకుంటారు. తమిళనాడు కూడా దాన్ని చూసే తన బళ్ళలో పిల్లలు పనులు చేస్తూ నేర్చుకునే పద్ధతి తెచ్చుకుంది. ఇంత దగ్గర్లో పుట్టినదాన్ని మనం తక్కువ వాడుకున్నామని నాకు బాధ.

మీ క్లాసుకి నేను చెప్పేది: ఒక పేజీ పరీక్ష పెట్టండి, అప్పు తెచ్చుకునే తీసివేత, మూడంకెల సంఖ్యని ఒక అంకెతో భాగించడం, చిన్న భిన్నాలు, అంతే. దాన్ని బట్టి మూడు గుంపులు చేసి, వారంలో మూడు పీరియడ్లు ఎవరి మెట్టు వీడియో, ఎవరి మెట్టు లెక్కలు వాళ్ళకివ్వండి. నాలుగో తరగతి వీడియో ఎనిమిదో తరగతి పిల్లోడికి పెడితే సిగ్గుపడతాడు, అందుకని తరగతి నంబరు ఎత్తకుండా మెట్టు పేరు పెట్టుకోండి. నెలకోసారి గుంపులు మార్చండి, లేదంటే అట్టడుగు గుంపులో పడ్డ పిల్లోడు అక్కడే ఉండిపోతాడు. మీరు మాత్రం ఎక్కువసేపు ఆ గుంపు దగ్గరే కూర్చోండి, బాగా వచ్చినవాళ్ళు ట్యాబుతో నెట్టుకురాగలరు.

*

ప్రశ్న: అన్నా, మాది కుప్పం వైపు కొండ పక్క ఊరు. సిగ్నల్ కావాలంటే చెరువు కట్ట మీదికి పోవాల. ఇంట్లో ఒకటే స్మార్ట్‌ఫోను, నేను పనికి పోతే అది నాతోనే ఉంటాది. ఇంట్లో ఉండేది బటన్ల ఫోను. పాప నాలుగో తరగతి. మాలాంటోళ్ళకి ఆన్‌లైన్ చదువు లేనట్టేనా?

జవాబు: తమ్ముడూ, ఆ బటన్ల ఫోనే చాలు, నేను ఊరికే ధైర్యం చెప్పడానికి అనట్లేదు. 2020లో బళ్ళు మూసినప్పుడు ఆఫ్రికాలో బోట్స్వానా దేశంలో సుమారు 4,500 కుటుంబాలతో ఒక ప్రయోగం చేశారు, పిల్లలు మూడు నుంచి అయిదో తరగతి వాళ్ళు. కొన్ని ఇళ్ళకి వారం వారం లెక్కల మెసేజీ మాత్రం పంపారు, కొన్ని ఇళ్ళకి మెసేజీతో పాటు ఒక టీచరు ఫోన్ చేసి పదిహేను ఇరవై నిమిషాలు మాట్లాడారు, స్పీకర్ పెట్టించి అమ్మానాన్నల్ని కూడా పక్కన కూర్చోబెట్టి. మెసేజీ మాత్రమే వచ్చిన పిల్లల్లో చెప్పుకోదగ్గ మార్పు లేదు, ఫోన్ కాల్ వచ్చిన పిల్లలు కూడికలు తీసివేతల్లో బాగా మెరుగయ్యారు. తర్వాత ఇదే పద్ధతిని మన ఇండియాతో కలిపి అయిదు దేశాల్లో చేసి చూస్తే అక్కడా పనిచేసింది, మామూలు గవర్నమెంటు టీచర్లు కాల్ చేసినా పనిచేసింది.

మీరు పాప టీచరమ్మని అడగండి, వారానికి ఒక్క కాల్. ఆమెకి వీలుకాకపోతే మీ బంధువుల్లో డిగ్రీ చదివే పిల్లో, తిరుపతిలో ఉండే చిన్నమ్మో ఉంటారు కదా, ఒక రోజు ఒక టైము ఖాయం చేసుకోండి. పోయిన వారం ఇచ్చిన లెక్క ఏమైంది, ఎట్లా చేశావో చెప్పు, ఇంకోటి చేద్దాం, అంతే మాట్లాడాల్సింది. వచ్చేస్తే ఇంకొంచెం కష్టమైంది, రాకపోతే ఒక మెట్టు కిందకి. డీడీ ఫ్రీ డిష్ ఉంటే పీఎం ఈ-విద్య ఛానళ్ళలో పాఠాలు వస్తాయి, అవి కూడా చూపించండి, కానీ ఆ కాల్ మాత్రం తప్పనివ్వొద్దు.

*

ప్రశ్న: సార్, శ్రీసిటీలో షిఫ్టు డ్యూటీ. పాపకి ఆరో తరగతి. ఒక యాప్ వాళ్ళు ఇంటికొచ్చి మూడేళ్ళ ప్యాకేజీ ఈఎంఐలో తీసుకోమంటున్నారు, ఇంటికి ఫైబర్ నెట్ కూడా వేయించుకోమన్నారు. అప్పు చేసైనా తీసుకోమంటారా?

జవాబు: వద్దు. అప్పు చేసి అస్సలు వద్దు. నెట్ బాగుంటే చదువు దానంతటది రాదు. నెదర్లాండ్స్‌లో దాదాపు ఇంటింటికీ మంచి నెట్ ఉంటుంది, 2020లో ఎనిమిది వారాలు బళ్ళు మూస్తే అక్కడ కూడా పిల్లలు ఇంట్లో నేర్చుకుంది దాదాపు ఏమీ లేదని తేలింది, తల్లిదండ్రులకి చదువు తక్కువున్న ఇళ్ళల్లో నష్టం ఇంకా ఎక్కువ. దేశమంతా పల్లె పిల్లల చదువుని లెక్కగట్టే అసర్ సర్వే 2024లో 14 నుంచి 16 ఏళ్ళ పిల్లల్ని అడిగితే ఆ వారంలో ఫోన్‌ని చదువుకి వాడింది 57 శాతం, సోషల్ మీడియాకి వాడింది 76 శాతం.

ముందు పాప బడి పుస్తకం తీసి చూడండి, పాఠాల దగ్గర క్యూఆర్ కోడ్ ఉంటే గవర్నమెంటు వాళ్ళ దీక్ష యాప్‌తో స్కాన్ చేయండి, పాఠం ఫ్రీగానే వస్తుంది. ఒక నెల దాంతో నడపండి. ఆ అమ్మడానికి వచ్చినాయన మళ్ళీ వస్తే మూడే అడగండి: మా పాప స్థాయి ముందు పరీక్షిస్తారా, తప్పు చేస్తే ఆ తప్పుని బట్టి పాఠం మారుతుందా, వారం వారం ఒక మనిషి పాపతో మాట్లాడతారా. మూడింటికీ అవునన్నా సరే, ఒక నెలకి మాత్రమే డబ్బు కట్టే పద్ధతి ఉందేమో అడగండి, సంతకం మాత్రం ఆ రోజే పెట్టొద్దు. షిఫ్టు లేని రోజు ఆ వారం చూసిన పాఠాలు పాప చేత మీకు చెప్పించుకోండి, నోట్‌బుక్కు మూసి.